బాల్యంలో చూచిన ఆ ఎర్రకారు ఏది?
కోలారు బంగారు గనుల సీమలో స్పోర్ట్స్ కార్ల ఆనవాళ్లు

కోలారు బంగారు గనుల చరిత్ర వ్రాసినవారు షాఫ్టుల లోతులను లెక్కించారు, బంగారపు ఔన్సులను లెక్కించారు, కంపెనీల లాభనష్టాలను లెక్కించారు. ఆ లెక్కలు అవసరమే. కాని ఆ నేలపై పెరిగినవారి మనస్సులో నిలిచిపోయిన చరిత్ర వేరొకటి కలదు. షిఫ్టు వేళను చాటే హూటరు కూత, తెల్లని సైనైడ్ దిబ్బలు, మారికుప్పం రైలు, వాటితోపాటు బంగళాల దారిన ఎర్రదుమ్ము లేపుకుంటూ దూసుకుపోయిన టాపు లేని చిన్న కారు ఆ చరిత్రకు చెందినవి. ఆ కారు పేరేమిటని అడిగితే కొందరు "జాగ్వార్" అంటారు, కొందరు "దొరగారి రేసు కారు" అని ఊరుకుంటారు. పేరు తెలియని జ్ఞాపకం కథగా మిగులుతుంది. పేరు తెలిసిన జ్ఞాపకం చరిత్రకు సాక్ష్యమవుతుంది. అందువల్ల ఆ కారును గుర్తించే ప్రయత్నం కేవలం కాలక్షేపం కాదు. కారు ఏదో తేలితే, దానిని చూచిన కాలమేదో, దానిని నడిపినవారు ఎవరై ఉండగలరో తెలుసుకొనే దారి దొరుకుతుంది.

గనుల పట్టణం, రెండు లోకాలు

19వ శతాబ్దపు 70వ దశకంలో మైఖేల్ లావెల్ అనే ఐరిష్ సైనికుడు మైసూరు సంస్థానం నుండి ఇక్కడ గనులు త్రవ్వే అనుమతి పొందినాడు. 1880లో లండన్‌కు చెందిన జాన్ టేలర్ అండ్ సన్స్ సంస్థ ప్రవేశించిన తరువాత గనులు నిజమైన పరిశ్రమగా రూపొందాయి. 1894లో బౌరింగుపేట, అనగా నేటి బంగారపేట నుండి గనులకు రైలుమార్గం వచ్చింది. 1902లో కావేరీ నదిపై శివనసముద్రం జలపాతం నుండి సుమారు 92 మైళ్ళ దూరం తీగలపై విద్యుత్తు ప్రవహించి గనులను చేరింది. ఆనాటికి ఆసియా ఖండంలో అది అపురూపమైన సాంకేతిక విజయం.

ఈ ఔన్నత్యానికి రెండు ముఖాలుండేవి. ఒకవైపు తోటలు, బంగళాలు, క్లబ్బు, గోల్ఫు మైదానం. ఈ పట్టణానికి "లిటిల్ ఇంగ్లండ్" అనే పేరు తెచ్చింది ఆ లోకమే. మరొకవైపు తట్టిగోడల గుడిసెల వరుసలు, వాటిలో చిత్తూరు, ఉత్తర ఆర్కాటు, సేలం ప్రాంతాల నుండి బ్రతుకుతెరువుకు వచ్చిన కార్మిక కుటుంబాలు. భూమికి మూడు కిలోమీటర్లకు మించిన లోతున పనిచేసిన తండ్రుల బిడ్డలు ఆ బంగళాల కారును రోడ్డుప్రక్కన నిలబడి చూచినవారే గాని, దానిలో కూర్చున్నవారు కారు. తెలుగు మాధ్యమంలో ఓనమాలు దిద్దుకుంటున్న పిల్లవానికి కారు ముందున్న ఇంగ్లీషు అక్షరాలు చదవడం రాదు. అయితే అక్షరం రానివాని కన్ను ఆకారాన్ని మరింత శ్రద్ధగా పట్టుకుంటుంది. బిళ్ళ ఏ ఆకారంలో ఉందో, చక్రానికి ఎన్ని పుల్లలున్నాయో, తలుపు ఎటు తెరుచుకుందో అతనికి గుర్తుంటుంది. నేడు మనకు ఆధారాలు ఆ ఆకారాలే.

టాపు లేని ప్రతి కారూ స్పోర్ట్స్ కారు కాదు

మొదట తీర్చుకోవలసిన సందేహమొకటి ఉన్నది. ఆ రోజులలో టాపు మడిచే కార్లు రెండు తెగలుగా ఉండేవి. అమెరికా నుండి వచ్చిన పెద్ద కార్లలో ఐదారుగురు హాయిగా కూర్చునేవారు. పాత తెలుగు సినిమాలలో పాటలు పాడుతూ పోయే కార్లు చాలవరకు ఆ జాతివే. ఇంగ్లండు నుండి వచ్చిన స్పోర్ట్స్ కార్లు అందుకు భిన్నమైనవి. ఇద్దరికే చోటు, నేలకు దగ్గరగా కూర్చోవడం, పొడవైన బానెట్, పొట్టి వెనుకభాగం వాటి లక్షణాలు. కాబట్టి జ్ఞాపకానికి వేయవలసిన మొదటి ప్రశ్న రంగును గురించి కాదు, సీట్లను గురించి. వెనుక సీటులో పిల్లలు కూర్చొని ఉండగా చూచినట్లు గుర్తుంటే, వెదకవలసిన కారు వేరే.

ఎనిమిది కోణాల బిళ్ళ

రెండవ ప్రపంచయుద్ధం ముగిసిన తరువాత మన దేశంలోని ఇంగ్లీషు ఉద్యోగులకు అందుబాటులో ఉండిన స్పోర్ట్స్ కార్లలో ముఖ్యమైనది ఎం.జి. ఈ అక్షరాలకు మోరిస్ గ్యారేజెస్ అని అర్థం. అది ఆక్స్‌ఫర్డ్ నగరంలో విలియం మోరిస్‌కు చెందిన కార్ల విక్రయశాల. 1922లో దానికి మేనేజరైన సెసిల్ కింబర్ సాధారణ మోరిస్ కార్లకు కొత్త ఒడ్డుపొడుగులు కల్పించి, అందమైన స్పోర్ట్స్ కార్లుగా మలిచాడు. 1929లో కర్మాగారం ఆబింగ్డన్ పట్టణానికి మారింది. రెండక్షరాలను ఎనిమిది కోణాల చట్రంలో పొదిగిన బిళ్ళ దాని గుర్తు. ఇంగ్లీషు చదవలేని పిల్లవానికి సైతం అష్టకోణం మరపురాదు. "ముందు బిళ్ళ గుండ్రంగా లేదు, మూలలు మూలలుగా ఉండేది" అని ఎవరైనా చెప్పితే, అది విలువైన సాక్ష్యం.

యుద్ధానంతరం ఆబింగ్డన్ నుండి 1945లో వెలువడినది టి.సి. నమూనా. 1949 వరకు దాదాపు 10,000 కార్లు తయారయ్యాయి. అప్పుడు బ్రిటిషు ప్రభుత్వం విదేశాలకు సరుకు పంపే కర్మాగారాలకే ఉక్కు కేటాయింపులో ప్రాధాన్యమిచ్చింది. అందువల్ల ఇంగ్లండులో కారు కోసం జనం ఎదురుచూస్తుండగా, ఆ కార్లు ఓడలెక్కి దేశదేశాలకు తరలిపోయాయి.

టి.సి. రూపం యుద్ధానికి పూర్వపు కాలానిదే. పొడవు సుమారు పదకొండున్నర అడుగులు. పద్నాలుగు అడుగుల అంబాసిడర్ ప్రక్కన అది బొమ్మవలె కనిపిస్తుంది. ఇంజన్ 1250 సి.సి., వేగం గంటకు సుమారు 75 మైళ్ళు. నేటివారికి అది గొప్ప వేగం కాకపోవచ్చు. నేలకు అంత దగ్గరగా, చెవిలో గాలి హోరెత్తుతుండగా పోయే కారును ఎడ్లబండ్ల దారిలో చూచిన పిల్లవానికి అది పిడుగే.

టి.సి., టి.డి., టి.ఎఫ్. – భేదాలు

ఒకే కుటుంబానికి చెందిన మూడు కార్లను వేరుచేయగల ఆనవాళ్లు చక్రాలలోను, దీపాలలోను ఉన్నవి.

టి.సి.కి సైకిలు చక్రంవలె సన్నని, ఎత్తయిన స్పోక్ చక్రాలు ఉండేవి. వాటి వ్యాసం 19 అంగుళాలు. చక్రం మధ్యలో రెక్కలున్న ఒకే పెద్ద నట్టు. చక్రం మార్చవలసి వస్తే స్పానరుతో పని లేదు, సుత్తితో కొట్టి విప్పేవారు. కారు ఆగిపోయినపుడు చుట్టూ మూగిన పిల్లలకు ఈ దృశ్యం తప్పక గుర్తుండాలి. కారు వెనుక పలకవంటి పెట్రోల్ ట్యాంకు, దానికి ఆనుకొని స్టెప్నీ. ముందు అద్దాన్ని బానెట్‌పైకి పడుకోబెట్టవచ్చు. బంపర్లు లేవు. స్టీరింగు ఎల్లప్పుడూ కుడివైపే.

1949 చివర రంగప్రవేశం చేసి 1953 వరకు తయారైన టి.డి. దూరం నుండి చూస్తే టి.సి.కి తోబుట్టువే. అయితే దాని చక్రాలు చిన్నవి, 15 అంగుళాలవి, సాధారణంగా పుల్లలు లేని రేకు చక్రాలు. ముందు వెనుకల బంపర్లు అమర్చారు. అమెరికా విపణి కోసం ఎడమ స్టీరింగుతో కూడా చేశారు. అందుచేత స్టీరింగు ఎడమవైపు ఉండేదని నిశ్చయంగా చెప్పగలిగితే, అది టి.సి. కాజాలదు. 1953–55 మధ్య వచ్చిన టి.ఎఫ్.లో హెడ్‌లైట్లు విడిగా నిలబడి ఉండవు, మడ్‌గార్డులలో కలిసిపోయి ఉంటాయి. ముందరి జాలీ వెనుకకు వాలి ఉంటుంది.

ఈ మూడింటికీ ఒక సామాన్య లక్షణం కలదు. వాటి తలుపులు వెనుక అంచున బందులు కలిగి, ముందువైపు నుండి తెరుచుకుంటాయి. మన ఊళ్ళలోని అంబాసిడర్ తలుపునకు ఇది సరిగ్గా తలక్రిందులు. తలుపు "తప్పుగా" తెరుచుకునేదని గుర్తున్నవారి జ్ఞాపకాన్ని ఊహగా కొట్టివేయరాదు.

వర్క్‌షాపు మనిషికి మరొక ఆనవాలు తెలిసి ఉండవచ్చు. ఈ ఇంజన్ బోల్టుల తలలు ఇంగ్లీషు స్పానర్లకు సరిపోతాయి గాని, వాటి మరలు మెట్రిక్ కొలతవి. ఆ ఇంజన్లు చేసిన కోవెంట్రీ కర్మాగారం పూర్వం హాచ్‌కిస్ అనే ఫ్రెంచి సంస్థది. మోరిస్ 1923లో దానిని కొన్నప్పటికీ లోపలి యంత్రాలు ఫ్రెంచి కొలతలతోనే పనిచేశాయి. ఫిట్టర్లకు, టర్నర్లకు పేరుగాంచిన గనుల పట్టణంలో, బయట కొన్న బోల్టు సరిపడక లేత్‌పై కొత్తది తీసిన వృద్ధుడెవరైనా ఉంటే, కారు ఏదో అతని చేతివ్రేళ్ళే చెప్పగలవు.

పోలికతో పొరబడదగినవి

పెద్దలు నోటికి వచ్చినట్లు "జాగ్వార్" అనే పేరు చెప్పడానికి కారణం ఉంది. 1948లో లండన్ ప్రదర్శనలో వెలువడిన జాగ్వార్ ఎక్స్‌కె 120 ప్రపంచ ప్రసిద్ధి పొందింది; గంటకు 120 మైళ్ళ వేగాన్ని దాని పేరే చాటింది. కాని అది కోణాలు లేని, అలవలె సాగిన పెద్ద కారు. ముందు సన్నని నిలువు కడ్డీల జాలీ, రేకు చక్రాలున్న కార్లలో వెనుక చక్రాలను సగం కప్పివేసే మూతలు దాని లక్షణాలు. మడ్‌గార్డులు విడివిడిగా, దీపాలు విడిగా నిలిచి ఉన్న కారు జాగ్వార్ ఎక్స్‌కె కాదు.

1953లో మొదలైన ట్రయంఫ్ టి.ఆర్. కార్ల తలుపులు మోచేయి బయటపెట్టుకొనేంత క్రిందికి కోయబడి ఉంటాయి. టి.ఆర్.2లో ముందరి జాలీ లోతైన నోటిలోపల దాగి ఉండేది. 1955లో వచ్చిన టి.ఆర్.3లో అది నోటి అంచుకు వచ్చింది. 1958లో వచ్చిన ఆస్టిన్ హీలీ స్ప్రైట్‌ను గుర్తించడం మరింత సులభం. రెండు హెడ్‌లైట్లు బానెట్‌పైకి పొడుచుకొనివచ్చి కప్పకళ్ళవలె ఉంటాయి. ఇంగ్లీషువారు కూడా దానిని ఆ పేరుతోనే పిలిచారు. వెనుక డిక్కీ మూత లేదు, తలుపులకు బయట పిడులు లేవు. కారు కప్పలాగా ఉండేదని చెప్పిన పిల్లవాడు అబద్ధమాడలేదు.

దేశీయమైన అనుమానం – హెరాల్డ్

1960వ దశకంలోగాని, ఆ తరువాతగాని కారును చూచినవారు మరొక సంగతి ఆలోచించాలి. మద్రాసులోని స్టాండర్డ్ మోటార్ ప్రాడక్ట్స్ సంస్థ 1961 నుండి స్టాండర్డ్ హెరాల్డ్ కార్లను తయారుచేసింది. ఇటలీకి చెందిన మికెలోట్టి రూపకల్పన, రెండే తలుపులు, వెనుక రెక్కలవంటి అంచులు ఉన్నందున అది ఆనాటి అంబాసిడర్, ఫియట్ల నడుమ నాజూకుగా కనిపించేది. దానికి విడి ఛాసిస్ ఉండి, పైకప్పును బోల్టులతో బిగించినందువల్ల కప్పు తీసివేసినా కారు కుంగిపోదు. ఆ సౌలభ్యంతోనే హెరాల్డ్‌లను టాపు లేని కార్లుగా మార్చుకోవడం సాధ్యమయింది. ఎర్రరంగు వేసి, కప్పు తీసిన హెరాల్డ్ పదేండ్ల పిల్లవాని కంటికి విదేశీ స్పోర్ట్స్ కారే.

స్ప్రైట్‌కు, హెరాల్డ్‌కు బానెట్ దగ్గర స్పష్టమైన భేదం ఉంది. రెండింటిలోను మడ్‌గార్డులతో సహా ముందుభాగమంతా లేస్తుంది. స్ప్రైట్‌లో అది అద్దం దగ్గర బందులు కలిగి మూతి వైపు నుండి లేస్తుంది. హెరాల్డ్‌లో మూతి దగ్గర బందులు ఉండి, అద్దం వైపు నుండి ముందుకు వాలుతుంది. ఈ ఒక్క గుర్తుతో స్ప్రైట్ ఏదో, హెరాల్డ్ ఏదో తేలిపోతుంది.

కారు చెప్పే కాలం

గుర్తించిన కారును కాలపట్టికపై నిలిపినపుడే దాని సాక్ష్యానికి విలువ వస్తుంది. మన దేశంలో స్వంత మోటారు పరిశ్రమ ఉండాలని తలచిన దార్శనికులలో అగ్రగణ్యుడు మోక్షగుండం విశ్వేశ్వరయ్యగారు. ఆయన జన్మించిన ముద్దేనహళ్ళి, 2007లో చిక్కబళ్ళాపురం జిల్లా ఏర్పడేవరకు, ఈ కోలారు జిల్లాలోనిదే. 1935లో ఆయన ఐరోపా, అమెరికాల కర్మాగారాలను పరిశీలించి వచ్చి కార్ల కర్మాగారానికి పథకం సిద్ధం చేశారు. ఆ పథకంతో చేయి కలిపిన వాల్‌చంద్ హీరాచంద్ చివరకు 1944లో బొంబాయిలో ప్రీమియర్ ఆటోమొబైల్స్ స్థాపించారు. మైసూరు సీమకు ఆ భాగ్యం దక్కలేదు. అంతవరకు కారు అంటే విదేశీ వస్తువే.

స్వాతంత్ర్యం తరువాత ప్రభుత్వం 1949లో పూర్తిగా తయారైన కార్ల దిగుమతిని నిషేధించింది. 1953లో టారిఫ్ కమిషన్ సిఫారసు మేరకు, ఇక్కడ తయారీ పథకం లేని విదేశీ సంస్థలు తప్పుకోవలసి వచ్చింది. గనులలో సైతం కాలం మారింది. 1956లో మైసూరు ప్రభుత్వం గనులను స్వాధీనం చేసుకున్నది. 1962లో అవి కేంద్ర ప్రభుత్వానికి చెందాయి. 1972లో భారత్ గోల్డ్ మైన్స్ లిమిటెడ్ ఏర్పడింది.

ఈ తేదీలను ప్రక్కప్రక్కన ఉంచి చూడాలి. టి.సి. తయారైన 1945–49 సంవత్సరాలు దిగుమతి ద్వారం మూయక పూర్వపువి. గనులు జాన్ టేలర్ యాజమాన్యంలో ఉన్న కాలానివి. కాబట్టి 1950 ప్రాంతంలో బంగళాల వీధిలో చూచిన స్పోర్ట్స్ కారుకు టి.సి. పేరు సహజంగా సరిపోతుంది. 1958లో తయారు మొదలైన స్ప్రైట్ సంగతి వేరు. నిషేధం తరువాతి కారు ఇక్కడ కనిపించినదంటే, దౌత్య కార్యాలయాలవారి వెంటనో, విదేశీ ఉద్యోగుల వెంటనో వచ్చి ఉండాలి. దౌత్యవేత్తలు వదలిపోయిన కార్లను 1956లో ఏర్పడిన స్టేట్ ట్రేడింగ్ కార్పొరేషన్ ద్వారా అమ్మేవారు.

ఇక్కడే "దొరగారి కారు" అనే మాటను నిలిపి విచారించాలి. దొరలు వెళ్ళిపోతూ కార్లను వెంట తీసుకుపోవడం అరుదు. కొత్తవి దిగుమతి కాని దేశంలో పాత కారు విలువ తగ్గదు, చేతులు మారుతుంది. 1965లో చూచిన టి.సి. అప్పటికి పదహారేండ్లకు తక్కువ కాని పాతబండి. దానిని నడిపినవాడు భారతీయుడై ఉండే అవకాశమే ఎక్కువ. కారు రూపం మారకపోవడంతో జ్ఞాపకం డ్రైవరు సీటులో పాత దొరనే కూర్చోబెడుతుంది. చరిత్ర ఆ సీటులోని మనిషిని కూడా సరిచూడమంటుంది.

తలుపుపై పెద్ద అంకె వ్రాసి ఉండేదని చెప్పేవారు మరొక దిక్కున వెదకాలి. మద్రాసు సమీపాన షోలవరంలో యుద్ధకాలపు విమాన రన్‌వేపై, 1953లో స్థాపితమైన మద్రాస్ మోటార్ స్పోర్ట్స్ క్లబ్ దశాబ్దాల తరబడి పందేలు నడిపింది. పందెపు కార్లను ఇష్టానుసారం మార్చేవారు గనుక, వాటి విషయంలో పైరూపంపై ఆధారపడరాదు. ఇంజన్ నెంబరే శరణ్యం.

కాగితం, లోహం, ఫొటో

జ్ఞాపకాన్ని నిలబెట్టగల ఆధారాలు మూడు. మొదటిది నెంబరు ప్లేటు. 1989 జూలై 1 నుండి దేశమంతట కొత్త పద్ధతి వచ్చి కోలారుకు కె.ఎ.07, కోలారు బంగారు గనులకు కె.ఎ.08 ఏర్పడ్డాయి. అంతకు పూర్వం మైసూరు బండ్ల నెంబర్లు ఎం.వై.తోను, మద్రాసు బండ్లవి ఎం.డి., ఎం.ఎస్.లతోను, ఆంధ్రప్రదేశ్ బండ్లవి ఏ.పి.తోను మొదలయ్యేవి. ఆ రెండక్షరాలు గుర్తున్నా కారు ఎక్కడిదో తెలుస్తుంది.

రెండవది లోహంపై చెక్కిన సంఖ్య. టి.సి. ఛాసిస్ నెంబర్లు 0251తో మొదలయ్యాయి. ఆబింగ్డన్ కర్మాగారపు టెలిఫోన్ నెంబరు 251 కావడమే అందుకు కారణం. పాత ఆర్.సి. పుస్తకమో, ఇన్సూరెన్సు కాగితమో ఇంటి ట్రంకుపెట్టెలో దొరికితే, అందులోని ఛాసిస్ నెంబరు ముందున్న అక్షరాలు టి.సి.యో, టి.డి.యో వెంటనే చెప్పుతాయి.

మూడవది ఫొటో. నలుపు తెలుపు ఫొటోను నమ్మి కారు నల్లనిదనుకోరాదు. పాత ఆర్థోక్రోమాటిక్ ఫిల్ముపై ఎరుపు నల్లగా పడుతుంది. అదేవిధంగా ఎరుపని చెప్పిన ప్రతి జ్ఞాపకాన్నీ నమ్మనక్కరలేదు. స్పోర్ట్స్ కారుకు మనస్సు తానే ఎరుపు పూయడం కద్దు. రంగుకంటె చక్రం, చక్రంకంటె తలుపు, తలుపుకంటె నెంబరు నమ్మదగినవి.

పరీక్షకు నిలిచినదే బంగారం

గనుల పట్టణంలోనివారికి ఈ పద్ధతి కొత్తది కాదు. త్రవ్విన రాయిని ఎవరూ బంగారమని నెత్తిన పెట్టుకోలేదు, రాయని పారవేయలేదు. దంచి, కడిగి, కరగించి, పరీక్షించి చూచారు. ఈ గనులు నూరేండ్లకు పైగా సాగిన కాలంలో 800 టన్నులకు మించిన బంగారం అలాగే వెలికివచ్చింది. చివరి దశాబ్దాలలో టన్ను రాతికి చిక్కినది కొద్ది గ్రాములే. అయినా ఆ గ్రాముల కోసమే టన్నుల రాతిని పైకి తెచ్చారు. బాల్యస్మృతి కూడా అట్టి ఖనిజమే. అందులో రాయి ఎక్కువ. కాని పరీక్షకు నిలిచిన కణం స్వచ్ఛమైనది.

2001 ఫిబ్రవరి 28న గనులు మూతపడినాయి. హూటరు ఆగింది, ఎన్నో కుటుంబాలు బెంగళూరుకు రోజూ రైలెక్కి పోయి పనిచేసే స్థితికి వచ్చాయి. 1950 ప్రాంతంలో పదేండ్ల ప్రాయంలో ఉన్నవారు నేడు ఎనభై దాటిన వృద్ధులు. కంపెనీ చరిత్ర కంపెనీ కాగితాలలో ఉన్నది; రోడ్డుప్రక్కన నిలబడి చూచినవారి చరిత్ర వారి నోట తప్ప మరెక్కడా లేదు.

ఈ పాఠశాల డెబ్బైఐదేండ్ల పండుగ పాత విద్యార్థులను, వారి తల్లిదండ్రులను, అధ్యాపకులను ఒక్కచోట చేర్చుతున్నది. ఇంతటి సాక్షి సమూహం మళ్ళీ సులభంగా కూడదు. ఇంటిలో పెద్దలున్నవారు "ఏ కారు?" అని అడుగక, "ఎన్ని సీట్లు? చక్రానికి పుల్లలున్నాయా? తలుపు ఎటు తెరిచేవారు? బిళ్ళ గుండ్రమా, కోణాలా? ఎవరు నడిపేవారు?" అని అడిగి, వారి మాటలను వారి మాటలలోనే వ్రాసిపెట్టాలి. వెనుక కారు కనిపించే పెండ్లి ఫొటో, పండుగ ఫొటో ఏదైనా ఉంటే ప్రతి తీయించి, తేదీతో సహా పాఠశాల గ్రంథాలయంలో భద్రపరచాలి. ఆ వివరాలు ప్రోగైన నాడు కారు పేరు మాత్రమే కాదు, దాని దుమ్ములో నిలబడి చూచిన పిల్లల పేర్లు కూడా గనుల చరిత్రలో చేరుతాయి.